సర్వే నంబరు చేరని కొండలు

ఊరిలోని ప్రతి ఇంటికి తలుపు సంఖ్య ఉన్నట్లే, పొలమునకును ఒక సంఖ్య ఉండును. దానిని సర్వే నంబరు అందురు. ఇల్లు కట్టుకొన్నవాడు గోడ మీద తన పేరు వ్రాసికొనవచ్చును. పొలము మీద పేరు వ్రాసికొనుటకు వీలు లేదు. ఈ గట్టు మొదలు ఆ గట్టు వరకు గల నేల ఫలానివారిదని నలుగురికి తెలియవలెనన్నచో, ఆ నేలకు హద్దులుండవలెను, హద్దులకు కొలతలుండవలెను, ఆ కొలతలు వ్రాసిన పుస్తకమొకటి ప్రభుత్వము చేతిలో ఉండవలెను. బ్యాంకులో పంటరుణము కోరినను, తుపానులో పంట పోయి పరిహారము అడిగినను, అన్నదమ్ములు భాగములు పంచుకొన్నను, న్యాయస్థానమున తగవు నడచినను, అధికారులు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ‘సర్వే నంబరు ఎంత?’

ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో రైతు కరణముగారి అరుగు మీద పడిగాపులు పడవలసి యుండెను. కరణీకములు 1984లో రద్దయిన తరువాత తహసీల్దారు కచేరీ మెట్లెక్కవలసి వచ్చెను. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మీభూమి’ అను వెబ్‌సైటును నెలకొల్పెను. చేతిలో ఫోను గలవాడెవడైనను అందులో జిల్లాను, మండలమును, గ్రామమును ఎంచుకొని, సర్వే నంబరునో ఖాతా సంఖ్యనో పట్టాదారు పేరునో ఇచ్చి, ఆ భూమి వివరములు చూడవచ్చును. ఏ నేలలో ఎవరు ఏ పంట వేసిరో తెలుపు అడంగలు, ఒక రైతునకు గ్రామమున గల భూములన్నింటిని ఒకచోట చూపు 1-బి పత్రము, గ్రామపటము అందులో లభించును. తెలంగాణలో ఇట్టి పనికై 2020లో ‘ధరణి’ ఏర్పడెను. 2025లో దాని స్థానమున ‘భూభారతి’ వచ్చెను. పల్లెవాసికి ఇది గొప్ప మేలు. రోజు కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోనక్కరలేకుండ తన భూమి లెక్కను తానే చూచుకొనగలుగుచున్నాడు.

అయితే ఈ సాధనము అన్ని చోట్ల ఒకే తీరున పలుకదు. తూర్పు కనుమలలో, విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 3,000 అడుగుల ఎత్తున అరకులోయ కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది చేరినది. పాడేరు ఆ జిల్లాకు ముఖ్యపట్టణము. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు, కోందులు మొదలగు గిరిజనులు ఇచ్చట తరతరములుగా నివసించుచున్నారు. వాగుల వెంట మడులు కట్టి వరి పండింతురు. మెట్టనేలలలో చోళ్లు, సామలు, వలిసెలు చల్లుదురు. కొండవాలులలో పోడు కొట్టుదురు. ఇట్టి రైతు ఒకడు తన భూమిని వెబ్‌సైటులో వెదకినచో మూడు విధములైన సమాధానములు రావచ్చును. తన పేరు, తన విస్తీర్ణము సరిగా కనబడవచ్చును. ఎన్నడో గతించిన తాతపేరో, అసలు ఎరుగని వేరొకరి పేరో కనబడవచ్చును. లేదా, వివరములు లేవని తేలిపోవచ్చును.

ఈ మూడవ సమాధానమును అర్థము చేసికొనుట ముఖ్యము. వివరములు లేవన్నంత మాత్రమున అచ్చట భూమి లేదని కాదు. దానిని దున్నువానికి హక్కు లేదనియు కాదు. వెబ్‌సైటు అద్దము వంటిది. అద్దము తన ముందున్నదానినే చూపును. ఈ అద్దము ముందు నిలిపినది కచేరీలోని పుస్తకము. పుస్తకము వ్రాయుటకు పూర్వము గొలుసు పట్టి నేలను కొలిచి యుండవలెను. గొలుసు చేరని చోటికి పుస్తకము చేరదు. పుస్తకము చేరని చోట అద్దములో ఏమియు కనబడదు.

సర్వే నంబరు ఎట్లు పుట్టినదో చూచినచో ఈ సంగతి స్పష్టమగును. మద్రాసు రాజధానిలో 1858లో రెవెన్యూ సర్వే పద్ధతిగా ఆరంభమయ్యెను. సర్వేయరు మొదట గ్రామపు పొలిమేరను నిర్ణయించును. మూడు గ్రామముల ఎల్లలు కలియు చోట రాయి పాతించును. తరువాత గ్రామమును పొలములుగా విభజించి ఒక్కొక్కదానికి వరుసగా సంఖ్య వేయును. కొలతకు గంటరు గొలుసును వాడెడివారు. దాని పొడవు 66 అడుగులు. అందు 100 లంకెలుండును. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల సరిగా ఒక ఎకరము. ఎకరములో నూరవవంతు ఒక సెంటు.

పొలము హద్దులు వంకరటింకరగా ఉండును గదా! అందుచేత సర్వేయరు పొలమునకు అడ్డముగా ఒక సరళరేఖను తీసికొని, ఆ రేఖ వెంట గొలుసుతో నడచుచు, ప్రతి మలుపునకు రేఖనుండి లంబదూరమును కొలుచును. దానితో పొలమంతయు త్రిభుజములుగను, సమలంబ చతుర్భుజములుగను విడిపోవును. వాని వైశాల్యములు కూడినచో పొలము వైశాల్యము వచ్చును. పాఠశాలలో బాలురు నేర్చుకొను క్షేత్రగణితమే ఇది. ఈ కొలతలు, చిత్రములు గల పుస్తకమును పొలము కొలతల పుస్తకమందురు. కచేరీలో దానిని ఎఫ్.ఎం.బి. అని వ్యవహరింతురు. హద్దురాయి కొట్టుకొని పోయినను, పొరుగువాడు రాత్రికి రాత్రి గట్టు జరిపినను, ఈ పుస్తకము చూచి ఆ రాయి ఎచ్చట నుండవలెనో తిరిగి కనుగొనవచ్చును. పొలము పంపకమైనచో సంఖ్య కూడ చీలును: 45వ నంబరు 45-1, 45-2 అగును, అదియును చీలినచో 45-2ఎ, 45-2బి అగును.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. సర్వే నంబరు గ్రామమునకు చెందినది. 45వ నంబరు ఒక్క గ్రామములోనే కాదు, వేలకొలది గ్రామములలో ఉండును. అందువలననే వెబ్‌సైటు ముందుగా జిల్లాను, మండలమును, గ్రామమును అడుగును. గ్రామము పేరు తప్పినచో నంబరు సరియైనదైనను మరియొకని పొలము ముందుకు వచ్చును.

ప్రపంచమున అన్ని దేశములును ఈ పద్ధతినే అనుసరింపలేదు. కెనడా పశ్చిమభాగమున 1871 నుండి వేరొక పద్ధతి నడచినది. అచ్చట మైదానమంతయు చదరంగపు బల్లవలె చతురస్రములుగా గీయబడినది. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చతురస్రము ఒక టౌన్‌షిప్పు. అందు ఒక్కొక్క చదరపు మైలు గల 36 భాగములుండును. ఒక్కొక్క భాగము 640 ఎకరములు. గళ్ల సంఖ్యలు చెప్పినచో భూమి ఎచ్చట నున్నదో లెక్కవేసి చెప్పవచ్చును. ఇది చూచుటకు లోపము లేని ఏర్పాటువలె తోచును. కాని దీనికిని ఎల్లలు కలవు. మానిటోబా, సస్కాచువాన్, అల్బర్టా రాష్ట్రములలోను, బ్రిటిష్ కొలంబియాలోని కొన్ని భాగములలోను మాత్రమే ఇది చెల్లును. తూర్పున నున్న ఆంటారియో, క్యుబెక్కు రాష్ట్రములకు వేరు పద్ధతులు కలవు. పశ్చిమపు గళ్ల సంఖ్యను చదువుటకు చేసిన సాధనము తూర్పు భూమిని గూర్చి ఏమియు చెప్పలేదు.

ఆ గళ్లు గీయుటకు ముందే అచ్చట మనుష్యులున్నారు. రెడ్ రివర్ అను నది ఒడ్డున మెటీస్ జాతివారు నీటి అంచు నుండి లోపలికి సాగిన సన్నని పొడవైన పట్టీలుగా భూములు పంచుకొని జీవించుచుండిరి. ప్రతి కుటుంబమునకు నీరు అందుటకు అది వారు కనుగొన్న ఉపాయము. 1869 అక్టోబరులో సర్వే బృందము చతురస్రములు గీయుచు వారి భూమి మీదికి వచ్చెను. అప్పుడు లూయీ రియెల్ అను యువకుడును అతని తోడివారును ఆ కొలతను అడ్డగించి నిలిపివేసిరి. నేలకు ముందుగనే ఒక అమరిక ఉన్నదనియు, దానిని చూడకుండ గీసిన గీత న్యాయము కాదనియు వారి వాదము. తెలుగునాటి మన్యములోను ఇట్టి చిక్కే వేరు రూపమున ఉన్నది. అచ్చట గీత వచ్చి మీద పడినది. ఇచ్చట గీత చాలకాలము రానేలేదు.

మన్యమునకు కొలత ఆలస్యముగా వచ్చుటకు కారణములు పెక్కు. మొదటిది పరిపాలనకు సంబంధించినది. 1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత పైసలా ఏర్పడినప్పుడు జయపురము, మాడుగుల వంటి కొండ సంస్థానములు జమీందారీలుగా నిలిచినవి. జమీందారు ప్రభుత్వమునకు మొత్తముగా పేష్కషు చెల్లించిన చాలును. లోపల ఎవని పొలమెంతయో సర్కారు అడుగలేదు. 1839లో గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సామాన్య చట్టముల నుండి తప్పించి, గవర్నరునకు ఏజెంటుగా కలెక్టరు పాలించునట్లు చట్టము చేసిరి. ఏజెన్సీ అను పేరు దానినుండియే వచ్చినది. కొండలలో పెక్కు చోట్ల ముఠాదారులు గ్రామములనుండి శిస్తు వసూలుచేసి పైవారికి కట్టెడివారు. లెక్క ఊరికి ఇంతయని ఉండెను గాని పొలమునకు ఇంతయని లేదు. పన్నుకొరకే పుట్టిన సర్వే, పొలముపై పన్ను లేని చోటికి పోవలసిన పని లేకపోయెను.

రెండవ కారణము వ్యవసాయ పద్ధతి. పోడు వ్యవసాయము చేయువాడు కొండవాలున పొదలు నరికి, ఎండిన పిదప కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లును. రెండు మూడేండ్లు పండించిన తరువాత ఆ నేలను విడిచి వేరొక వాలునకు పోవును. విడిచిన నేల కొన్ని సంవత్సరములు విశ్రమించి, మరల చెట్లు మొలచి, సారవంతమగును. అప్పుడతడు తిరిగి వచ్చును. అతని దృష్టిలో ఆ వాలులన్నియు అతని కుటుంబపు భూములే. కాని నేల విశ్రమించుచున్న ఏట సర్వేయరు వచ్చినచో అచ్చట అతనికి కనబడునది అడవి. అతడు ‘అడవి’ అని వ్రాయును. వ్రాసినవాడు అబద్ధమాడలేదు, అయినను వ్రాసినది పూర్తి నిజము కాదు.

మూడవ కారణము కొండ స్వభావమే. పటము బల్లపరుపుగా నుండును, కొండ అట్లుండదు. అందుచేత సర్వేలో ఏటవాలు దూరమును లెక్కింపక, గొలుసును మట్టముగా పట్టి సమతల దూరమునే కొలుతురు. 30 డిగ్రీల వాలున నూరడుగులు నడిచినచో, పటములో అది సుమారు 87 అడుగులే అగును. నిటారైన వాలున గొలుసును మెట్లుమెట్లుగా దించుచు కొలుచుట కష్టము. పొదలు, బండలు, వాగులు అడ్డు వచ్చినచో మరియు కష్టము. రైతు తన కాళ్లతో ఎక్కి విత్తిన నేలకును పటములోని నేలకును భేదముండుటకు ఇదియు ఒక హేతువు. 1802లో మద్రాసు వద్ద లాంబ్టను ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే క్రమముగా దేశమంతట వ్యాపించి కొండశిఖరముల స్థానములను, ఎత్తులను పటమునకెక్కించెను. శిఖరము పటమునకెక్కినది గాని, ఆ శిఖరము నీడలో సామలు చల్లుకొను మనిషి పొలము పుస్తకమునకెక్కలేదు.

పుస్తకములో లేనివాని నేల సులభముగా చేతులు మారును. మైదానమునుండి వచ్చిన వర్తకుడు ఉప్పు, బట్ట, అప్పు ఇచ్చి, బాకీ క్రింద పొలము పట్టుకొనుట మన్యములో సామాన్యమయ్యెను. దీనిని అరికట్టుటకు 1917లోనే మద్రాసు ప్రభుత్వము చట్టము చేసెను. ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుని భూమి ఇతరులకు పోరాదని అది శాసించెను. తరువాత 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూబదలాయింపు నిబంధనను తెచ్చెను. 1970లో దానికి జరిగిన సవరణ ‘1/70 చట్టము’ అను పేరున మన్యమంతట ప్రసిద్ధము. షెడ్యూల్డు ప్రాంతములో భూమి గిరిజనులకు తప్ప అన్యులకు బదిలీ కారాదనియు, గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదేయని, వేరు రుజువు లేనంతవరకు, భావింపవలెననియు అది చెప్పుచున్నది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధన ప్రభుత్వమునకును వర్తించునని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము అనంతగిరి మండలమున బొర్రా పరిసరములలోని గనుల కౌళ్లను గూర్చి పుట్టినది.

చట్టము బలమైనదే. కాని తగవు విచారణకు వచ్చినప్పుడు అధికారి అడుగునది మరల ఆ మొదటి ప్రశ్నయే. అందువలననే భూమి కొలత కేవలము లెక్కల విషయము కాదు. అది కాపాడువాని చేతికి కఱ్ఱవంటిది. 1969లో ముఠాలు రద్దయినవి. 1970లో షెడ్యూల్డు ప్రాంతములకు రైత్వారీ పద్ధతిని తెచ్చు నిబంధన వచ్చెను. అప్పటినుండి సర్వే బృందములు కొండలెక్కినవి. ఎందరో గిరిజనులకు మొదటిసారి రైత్వారీ పట్టాలు లభించినవి. మైదానములో నూరేండ్లకు పూర్వమే మొదలైన పని మన్యములో ఇంత ఆలస్యముగా ఆరంభమైనది. వాగు వెంట నున్న మడులు, చదునైన మెట్టలు నంబరులు పొందినవి. పోడు కొట్టు వాలులనేకము కొండ పోరంబోకుగనో, అడవిగనో మిగిలినవి.

అడవి సంగతి వేరుగా తెలిసికొనవలెను. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము క్రింద విశాలమైన అడవులు రిజర్వు చేయబడినవి. హక్కు గలవారు గడువులోగా అధికారికి తెలుపుకొనవలెనని నియమము కలదు. కాని చదువులేని కొండవానికి ప్రకటన అర్థమగుట ఎట్లు? పోడుపై ఆంక్షలు మన్యములో రగిలిన అసంతృప్తికి ఒక ముఖ్యకారణమయ్యెను. 1922-24 సంవత్సరములలో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటునకు వెనుక ఆ వేదన ఉన్నది. ఆ అన్యాయమును సరిదిద్దుటకు 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టము చేసెను. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవిభూమిని సాగుచేసికొని బ్రతుకుచున్న గిరిజన కుటుంబమునకు, సాగులోనున్నంత మేరకు, నాలుగు హెక్టారులు మించకుండ, హక్కుపత్రమీయవలెనని అది చెప్పెను. ఆ పత్రము భార్యాభర్తలిద్దరి పేర వ్రాయబడును. అది పిల్లలకు సంక్రమించును గాని అమ్ముటకు వీలు లేదు.

ఈ చట్టములో ఒక విశేషము కలదు. దరఖాస్తు మొదట గ్రామసభ ముందుకు రావలెను. సాక్ష్యముగా ప్రభుత్వ పత్రములు మాత్రమే చాలుననలేదు. నేలను చదును చేసిన గుర్తులు, కట్టిన గట్లు, త్రవ్విన బావులు, పూర్వుల సమాధులు, దేవతల స్థానములు సాక్ష్యములే. ఊరి పెద్దలు చెప్పిన మాటను వ్రాసి పట్టినను అదియు సాక్ష్యమే. ‘ఈ జీలుగుచెట్టు మొదలు ఆ వాగు మలుపు వరకు వారి తాతనాటినుండి వారే చేయుచున్నారు’ అను వృద్ధుని వాక్కునకు చట్టమునందు చోటు దొరికినది. నంబరు లేని చోట మనుష్యుల జ్ఞాపకమే దప్తరమని చట్టము ఒప్పుకొన్నట్లయినది. అయితే ఈ హక్కుపత్రము రెవెన్యూ పట్టాతో సమానముగా చూడదగినది కాదు. ఇది వేరొక చట్టమున పుట్టినది. పొలమును దాని ఎల్లలతోను, అడవిశాఖవారి కంపార్టుమెంటు సంఖ్యతోను గుర్తింతురు. దీనిని పొందిన రైతు సర్వే నంబరు గడిలో ఏమి వ్రాయవలెనో తెలియక తికమకపడుట వింత కాదు.

సాధనమునకు గల మరియొక ఎల్ల రాష్ట్రపు ఎల్ల. అరకునకు ఈశాన్యమున, ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరు మండలమునకును, ఒడిశాలోని కోరాపుటు జిల్లా పొట్టంగి బ్లాకునకును నడుమ కోటియా గ్రామములు కలవు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమైన తరువాత ఈ కొండలలోని 21 గ్రామములు ఎవరివన్న వివాదము పుట్టెను. ఆ గ్రామములు సర్వేలో చేరకపోవుట ఆ వివాదమునకు మూలములలో ఒకటి. 1968లో ఒరిస్సా ప్రభుత్వము సుప్రీంకోర్టునకు వెళ్లెను. 2006లో న్యాయస్థానము ఆ వ్యాజ్యమును కొట్టివేసి, రాష్ట్రముల సరిహద్దు పార్లమెంటు తేల్చవలసిన విషయమని పలికెను. అచ్చటివారిలో రెండు రాష్ట్రముల ఓటరు జాబితాలలోను పేర్లుండి, ఇరువైపుల కార్డులు గలవారు కలరు. 2021లో ఆంధ్రప్రదేశ్ అధికారులు అందలి మూడు గ్రామములకు పంచాయతీ ఎన్నికలు జరుపగా ఒడిశా మరల సుప్రీంకోర్టు తలుపు తట్టెను.

ఒడిశాలో భూమి లెక్కలు ‘భూలేఖ్’ అను వెబ్‌సైటులో ఉండును. అచ్చట తహసీలు, మౌజా, ఖతియాను, ప్లాటు అను మాటలు వాడుకలో ఉన్నవి. ఎకరమును సెంట్లకు బదులు డెసిమళ్లుగా విభజింతురు. ‘మీభూమి’ ఒడిశా ప్లాటును ఎరుగదు. ‘భూలేఖ్’ ఆంధ్ర సర్వే నంబరును ఎరుగదు. కొండమీద వాగు మాత్రము ఈవలిగట్టును ఆవలిగట్టును ఒక్కరీతిగనే తడుపును. కోటియా రైతునకు గొడుగులు రెండుండియు తల తడియుచున్నది.

పేరుతో వెదకుటలోను చిక్కులు కలవు. గదబలు, పోర్జాలు మొదలగువారిలో పుట్టిన వారమును బట్టి బిడ్డకు పేరు పెట్టు ఆచారము కలదు. సోమవారము, బుధవారము, శుక్రవారము పుట్టినవారు సోమ్ర, బుద్ర, శుక్ర వంటి పేర్లతో పెరుగుదురు. ఊరిలో శుక్రలు పదిమంది ఉండవచ్చును. ఇంటిలో ఆదివాసి ఒడియా, కచేరీలో తెలుగు వినబడు ఈ ప్రాంతమున ఒక్క పేరునే ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క తీరుగా వ్రాసియుండవచ్చును. అక్షరము మారినచో యంత్రమునకు మనిషి మారినట్లే. ఊరి పేరును ఇట్టిదే. కొండమీద పదియిండ్ల గూడెమునకు రెవెన్యూ పుస్తకమున వేరు పేరు లేకపోవచ్చును. దాని భూమి క్రింది పెద్దగ్రామపు లెక్కలో చేరియుండును. గూడెము పేరుతో వెదకినవానికి ఏమియు దొరకదు. రెవెన్యూ గ్రామము పేరు తెలిసినచో దొరకును.

ఈ లోపములను తీర్చుటకు క్రొత్త సాధనములు వచ్చుచున్నవి. 2020 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో భూముల సమగ్ర రీసర్వే ప్రారంభమయ్యెను. డ్రోనులు పైనుండి చిత్రములు తీయును. ఉపగ్రహముల సంకేతములనందుకొను యంత్రము హద్దురాయి స్థానమును అంగుళముల తేడాలో చెప్పగలదు. 2021లో కేంద్రప్రభుత్వము ప్రతి భూఖండమునకు పదునాలుగు అంకెలు, అక్షరములు గల గుర్తింపు సంఖ్యను ఈయ నారంభించెను. దానిని ‘భూ ఆధార్’ అందురు. గ్రామమునకు పరిమితమైన పాత నంబరువలె గాక, ఇది భూఖండపు అక్షాంశ రేఖాంశములపై ఆధారపడును. అందుచేత దేశమున ఒక సంఖ్య ఒక్క భూఖండమునకే చెందును. అయినను దట్టమైన చెట్ల క్రింద ఉపగ్రహ సంకేతము మందగించును. డ్రోను చిత్రమున చెట్ల తలలు కనబడును గాని వాని నీడలోని కాఫీతోట గట్టు కనబడదు. యంత్రము బిందువు ఎచ్చటనున్నదో చెప్పగలదు. ఆ బిందువు ఎవరి హద్దో ఊరివారు వచ్చి చూపవలసినదే.

కావున ఈ సాధనమును వాడువాడు కొన్ని సంగతులు మనస్సున నుంచుకొనవలెను. మొదట రెవెన్యూ గ్రామమేదో తెలిసికొనవలెను. నంబరుతో దొరకనిచో ఖాతా సంఖ్యతోను, తండ్రి తాతల పేర్లతోను, ఆ పేర్ల వేరు వేరు రూపములతోను వెదకవలెను. తెరమీద కనబడిన దానిని సమాచారముగా మాత్రమే గ్రహించి, వ్యవహారమునకు తహసీల్దారు కచేరీనుండి ధ్రువపత్రము పొందవలెను. తప్పు కనబడినచో ఊరకుండక సవరణకు దరఖాస్తు చేయవలెను. వివరములు లేవన్నచో ఆ భూమి కొలతకు రానిదా, అడవి క్రింద నున్నదా, పొరుగు రాష్ట్రపు లెక్కలో చేరినదా అని విచారింపవలెను. ఈ మూడింటికి మూడు వేరు మార్గములు కలవు; ఒకదానికి సర్వే శాఖ, ఒకదానికి గ్రామసభ, ఒకదానికి రెండు ప్రభుత్వముల ఒడంబడిక.

కొండలలోని వృద్ధులు తమ ఎల్లలను చెట్లతోను, బండలతోను, వాగుమలుపులతోను గుర్తుపెట్టుకొన్నారు. ఆ చెట్టు పడిపోవచ్చును. ఆ వృద్ధుడును వెళ్లిపోవును. నేడు అరకు, పాడేరు ప్రాంతపు బాలబాలికలు ఆశ్రమపాఠశాలలలో చదువుచున్నారు. త్రిభుజ వైశాల్యము కట్టుట వారికి తెలియును. వారు సెలవులలో తాతతో కలిసి పొలముచుట్టు ఒకసారి నడచి, అతడు చెప్పిన ఎల్లలను, మడుల లెక్కను, ఇరుగుపొరుగుల పేర్లను కాగితముమీద వ్రాసి, తేదీ వేసి, పెద్దలచే వ్రేలిముద్రలు వేయించి దాచినచో అది వృథా కాదు. ఎప్పుడో ఒకనాడు సర్వేయరు ఆ కొండయెక్కి ‘హద్దెక్కడ?’ అని అడుగును. ఆనాడు చూపుటకు ఆ కాగితము ఉండును.